పదకొండు అడుగులు

మున్సిపాలిటీ వాళ్ళు రేకుల షెడ్డు నడిమి స్తంభం మీద ఎర్ర రంగుతో గీత గీసి, పక్కన పదకొండు అంకె వేసి వెళ్ళారు. రోడ్డుకు అవతలి పక్కన వెంకటరత్నం పురుగుమందుల కొట్టు అరుగు మీద మాత్రం నాలుగు అంకె వేశారు.

హజరాబీ చేతిలో దబ్బనం పట్టుకునే బయటికి వచ్చింది. ఈ అంకె చూసింది, ఆ అంకె చూసింది. సర్వేయరూ, కొలత గొలుసు పట్టుకునే మనిషీ వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఓ కంట కనిపెడుతూనే ఉంది. ముందు వాళ్ళు వెంకటరత్నం కొట్లో కూర్చున్నారు. కూల్‌డ్రింకులు తాగారు. ఆ తర్వాతే గొలుసు తీశారు.

"రోడ్డు ఒకటే కదా. వాళ్ళకి నాలుగేంటి, మనకి పదకొండేంటి?" అంది మొగుడితో.

నన్నే సాహెబు మిషన్లో దూది పెట్టి ఏకుతున్నాడు. తల ఎత్తలేదు. "గవర్నమెంటు వాళ్ళు కొలిచారు. వాళ్ళకి తెలీదా?" అన్నాడు.

జగ్గయ్యపేటలో చిల్లకల్లు వెళ్ళే రోడ్డు మీద పరుపుల హజరాబీ ఇల్లు ఏదంటే ఎవరైనా చెబుతారు. ఇంటి ముందు పద్దెనిమిది అడుగుల జాగా, దాని మీద రేకులు, రేకుల కింద దూది ఏకే మిషన్, పరుపులు పరిచి కుట్టడానికి ఓ పెద్ద బల్ల. పదహారేళ్ళుగా ఆ సంసారాన్ని నడిపింది ఆ జాగానే. అందులోంచి పదకొండు అడుగులు పోతే మిగిలేది ఏడు. ఏడడుగుల్లో మిషన్ పట్టదు, బల్ల పట్టదు.

హజరాబీకి అనుమానం ఎక్కువని వీధిలో అందరూ అనేవాళ్ళు. ఆ అనుమానం ఆమెకు ఊరికే రాలేదు. పాత పరుపు విప్పి మళ్ళీ కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు మంచి దూది ఎక్కడ మార్చేస్తారోనని స్టూలు వేసుకుని పొద్దుగూకే దాకా కూర్చుంటారు. వాళ్ళ కళ్ళెదుటే తూచి, వాళ్ళ కళ్ళెదుటే ఏకించి, గుప్పెడు దూది మిగిలితే అది కూడా మూట కట్టి ఇచ్చేది ఆమె. అలా రోజూ అనుమానపు చూపుల మధ్య కూర్చుని పని చేసిన మనిషికి ఎదుటివాళ్ళను అదే చూపుతో చూడటం అలవాటైపోయింది.

మర్నాడు పొద్దున్నే పెరటి వెనక గోడ నుంచి ముందు హద్దుగా పాతిన రాతి కడీల దాకా గుడ్డ టేపుతో తనే కొలుచుకుంది. అరవై ఏడు అడుగులు. కూతురి పాత నోటుబుక్కులో రాసిపెట్టుకుంది.

నాలుగో రోజున బసవయ్య వచ్చాడు. ఇంటి పన్ను వసూలు చేసే బిల్లు కలెక్టరు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటికి వస్తున్నవాడు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి ఆ రోజు సంచీలోంచి కాగితాల కట్ట తీసి, అందులో ఒకటి లాగి బల్ల మీద పెట్టాడు.

"సమ్మతి పత్రం చెల్లెమ్మా. రోడ్డు వెడల్పుకి మా స్థలం ఇవ్వటానికి అభ్యంతరం లేదని. వీధిలో పద్నాలుగు మంది పెట్టేసారు. నువ్వూ సాయిబూ చెరో సంతకం పెడితే అయిపోద్ది."

హజరాబీ ఏడో తరగతి దాకా చదువుకుంది. కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివింది. "ఎన్ని అడుగులో రాసే చోట ఖాళీగా ఉందేంటన్నయ్యా?"

"ఫారాలు ముందు తిప్పుకు రమ్మన్నారు. కొలతలు ఆఫీసులో కూర్చుని నింపుతారు."

"నింపేవాళ్ళు పదకొండే నింపుతారని ఏంటి నమ్మకం? పద్దెనిమిది నింపితే?"

"అంత అన్యాయం ఎక్కడైనా ఉందా అమ్మా!"

"నా సంతకం కింద రేపు ఎవరో అంకె వేస్తారంటున్నావు. అది న్యాయమా?"

బసవయ్య ముఖం మాడిపోయింది. నన్నే సాహెబు చేతులకంటిన దూది దులుపుకుంటూ వచ్చి, "పెట్టేద్దాంలే హజరా. బసవయ్య మనకి చెడు చేస్తాడా? ఇయ్యి, నేను పెడతా" అని పెన్నుకోసం చెయ్యి చాపాడు.

హజరాబీ కాగితం వెనక్కి లాక్కుంది. ఆమె లాక్కున్నది బసవయ్య మీద అనుమానంతోనే. కానీ అప్పటికే మొగుడు బసవయ్య జేబులోంచి పెన్ను తీసేసుకున్నాడు. ఈ మనిషి ఎలక్షన్లలో ఓటు వెయ్యడానికి కూడా పది సార్లు చెబితేగానీ కదలడు. ఇవాళ సంతకానికి ఇంత తొందరేమిటి?

అప్పటికి ఆ ఆలోచనను పక్కన పెట్టింది. అసలు కోపం వెంకటరత్నం మీద ఉంది. సాయంత్రం అతను కొట్టు ముందు నీళ్ళు చల్లుకుంటుంటే రోడ్డుకు ఇవతల నిలబడి అందరికీ వినబడేలా అంది: "కూల్‌డ్రింకులు పోస్తే అడుగులు కూడా తగ్గుతాయని మాకు తెలీదండీ. తెలిస్తే మేమూ రెండు సీసాలు తెప్పించేవాళ్ళం!"

వెంకటరత్నం బకెట్టు కింద పెట్టాడు. "ఎండలో వచ్చినవాళ్ళకి దాహానికిచ్చానమ్మా. మాట్లాడేముందు ఆలోచించుకో" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు హజరాబీ మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి, తెల్ల కాగితం మీద అర్జీ రాసి ఇచ్చింది. మా స్థలంలో ఎన్ని అడుగులు తీసుకుంటున్నారో రాతపూర్వకంగా తెలపాలి, మా ఎదురుగా మళ్ళీ కొలవాలి, అప్పటిదాకా సంతకం పెట్టం అని రాసింది. కౌంటర్లో అర్జీ తీసుకుని వెళ్ళమన్నారు. 'మేం ఒకళ్ళ దూది చిటికెడు తినం' అంటూ, రెండో ప్రతి మీద ముద్ర వేసి ఇచ్చేదాకా ఆమె కదల్లేదు. ముద్ర వేసిన గుమాస్తా, "రీసర్వేకి వచ్చినప్పుడు మీ దస్తావేజు తీసి ఉంచండి. అది లేకపోతే మేమేం తేల్చలేం" అన్నాడు.

ఇంటికి రాగానే దస్తావేజు అడిగింది.

"అదెక్కడుంది? ఎప్పుడో చెదలు పట్టిపోయింది" అన్నాడు నన్నే సాహెబు.

"ఎప్పుడు పట్టింది? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేంత విషయమా అది? అమ్ముకుంటామా ఏంటి ఇల్లు?"

"నందిగామలో నకలిస్తారంట. మీ నాన్న కొన్నప్పుడు రిజిస్ట్రీ అక్కడేగా అయింది."

"ఈ ఎండల్లో నందిగామ ఎందుకే? ఇద్దరం కలిసి ఆ సంతకమేదో పెట్టేస్తే గొడవ వదిలిపోద్ది. ఊళ్ళో అందరూ ఇస్తుంటే మనమే అడ్డం పడ్డట్టు..."

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆ మనిషి ఒక విషయం మీద ఇన్ని మాటలు మాట్లాడటం హజరాబీ వినలేదు. లేచి అన్నం పెట్టింది.

గురువారం పొద్దున బస్సెక్కి నందిగామలో దిగింది. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట తాటాకు పందిట్లో ప్రేమానందం అనే దస్తావేజు లేఖరి కూర్చుని ఉన్నాడు. ముసలాయన, సన్నటి అద్దాలు, చేతికి అంటిన సిరా. విషయమంతా విన్నాడు. నకలుకు అర్జీ తనే రాసి లోపలికి పంపాడు. మధ్యాహ్నం మూడింటికి నకలు చేతికొచ్చింది. ఆయనే పైకి చదివాడు.

"పంతొమ్మిది వందల అరవై ఒకటి. కొన్నవారు షేక్ మస్తాన్ సాహెబు..."

"మా మామ."

"హద్దులు. తూర్పు ప్రభుత్వ రస్తా. పడమర గుంటుపల్లి వారి దొడ్డి. ఈ మధ్య తూర్పు పడమరలు అరవై అడుగులు, ఉత్తర దక్షిణాలు ఇరవై నాలుగు అడుగులు."

"అరవై ఏడు," అంది హజరాబీ.

"కాదమ్మా. అరవై."

"నేనే కొలిచానండీ. అరవై ఏడు. నకలు రాసినవాళ్ళు ఏడు వదిలేసుంటారు. అసలు పుస్తకం చూపించమనండి."

ప్రేమానందం విసుక్కోలేదు. ఆమెను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళాడు. రికార్డుల గుమాస్తాను బతిమాలి పాత వాల్యూమ్ తీయించాడు. పసుపుపచ్చ కాగితం మీద గొలుసుకట్టు రాత. అంకెల్లోనూ అక్షరాల్లోనూ రెండు చోట్లా అరవై అనే ఉంది. హజరాబీ ఆ మాట మీద వేలు పెట్టి చూసింది, దాని పక్కన ఎక్కడైనా చెరిపిన గుర్తు ఉందేమోనని. లేదు.

బయటికి వచ్చాక ప్రేమానందం గొంతు తగ్గించాడు. "మీ ఇంటి ముందు ఎప్పుడైనా రాళ్ళు జరిపారా అమ్మా?"

"లేదండీ."

"అయితే మీరు కాపరానికి రాకముందేమో. ఏమైనా ఆ ఏడడుగులూ రోడ్డువి. మీకు పోయేది పదకొండు కాదు, నాలుగు. కొలతలో మోసం లేదు." నకలు మడిచి ఆమెకిస్తూ మళ్ళీ అన్నాడు. "కాగితంలో నాలుగని అంకె వెయ్యనిదే సంతకం మాత్రం పెట్టొద్దు. అందులో మీ పట్టుదల సబబే. ఈ నకలు వాళ్ళకి చూపించాలా వద్దా అనేది మీ ఇష్టం. చూపించకపోతే పదకొండుకీ పరిహారం అడగొచ్చు. ఇస్తారో ఇవ్వరో నేను చెప్పలేను."

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. 'మీరు కాపరానికి రాకముందేమో' అన్న మాటే తిరుగుతోంది. కాదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇంటి ముందు జాగా ఎంతుండేదో ఆమెకు బాగా గుర్తుంది. రెండు మంచాలు వేస్తే మూడోదానికి చోటుండేది కాదు.

కూతురు మెహరాజ్ పుట్టినప్పుడు తను పురిటికి పెనుగంచిప్రోలు వెళ్ళింది. ఐదు నెలలుంది. తిరిగొచ్చేసరికి ఇంటి ముందు విశాలంగా ఉంది, కొత్త మిషన్ దిగి ఉంది. "రాళ్ళు సర్దించా" అన్నాడు నన్నే సాహెబు. ఆమె సంబరపడిపోయింది. ఎలా సర్దించావని అడగలేదు. ప్రతిదానికీ ఎందుకు, ఏమిటి అని నిలదీసే మనిషి ఆ ఒక్కటీ అడగలేదు.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంది. నకలు బల్ల మీద పెట్టింది. నన్నే సాహెబుకు సంతకం తప్ప చదువు రాదు గానీ, ఆ కాగితం ఏమిటో చూడగానే తెలిసిపోయింది. మిషన్ ఆపేశాడు.

"దస్తావేజు నిజంగా చెదలు పట్టిందా?" అడిగింది.

అతను లేచి లోపలికి వెళ్ళాడు. తన తలగడ తెచ్చాడు. కత్తెరతో ఓ పక్క కుట్టు విప్పి, దూదిలో చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన మడత తీసి ఆమె ముందు పెట్టాడు.

హజరాబీ ముందు కాగితాన్ని చూడలేదు, కుట్టు చూసింది. వంకరటింకర కుట్టు. ఆ ఇంట్లో తలగడలన్నీ తన చేతి మీదే కుట్టినవి.

"ఎప్పుడు పెట్టావు ఇందులో?"

"సర్వేయరు వచ్చి వెళ్ళిన రోజు."

"రాళ్ళు నువ్వే జరిపావు కదా?"

"నేనే." అతను నేల మీద కూర్చున్నాడు. "అప్పట్లో ఇది మట్టి రోడ్డు. ఎదురుగా అంతా తుమ్మచెట్లు. మిషన్ తెచ్చాను, లోపల పట్టలా. ముందు మూడడుగులు జరిపా. ఎవరూ ఏమనలా. నెల పోయాక ఇంకో నాలుగు జరిపా."

"నాతో ఎందుకు చెప్పలా?"

"నువ్వు మామిడికాయ ముక్క కూడా ఒకళ్ళది తీసుకోవు. చెబితే రాళ్ళు మళ్ళీ వెనక్కి పెట్టించేదానివి. మిషన్ తిరిగిచ్చెయ్యాల్సొచ్చేది. అప్పటికి పసిపిల్ల వచ్చింది..."

"అందుకని బసవయ్య కాగితం తేగానే సంతకానికి ఎగబడ్డావు. ఎవరూ దస్తావేజు అడక్కుండా పనైపోతుందని."

అతను అవునన్నట్టు తలూపాడు.

హజరాబీకి కోపం కంటే ముందు సిగ్గు వేసింది. వీధిలో నిలబడి తను అన్న మాటలు, ఆఫీసులో గుమాస్తా ముందు 'మేం ఒకళ్ళ దూది చిటికెడు తినం' అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బసవయ్య ముఖం గుర్తొచ్చింది. వారం రోజులుగా ఊరందర్నీ వరసగా అనుమానించింది. ఇంట్లో మిషన్ తిప్పుతున్న మనిషిని మాత్రం చివరాఖరుకు అనుమానించింది.

"అర్జీ వెనక్కి తీసుకుందాం," అన్నాడు నన్నే సాహెబు మెల్లగా. "తీసుకుంటే కొలవడానికి రారు."

"రానివ్వు. నేనే రమ్మన్నాను."

తర్వాతి మూడు రోజులూ అవసరమైన మాట తప్ప మరో మాట మాట్లాడుకోలేదు. ఆ మూడు రోజుల్లో ఆమె ఏమీ ఆలోచించలేదంటే అబద్ధం. నకలును బియ్యం డబ్బాలో పెట్టింది, మళ్ళీ తీసింది. పదహారేళ్ళుగా పన్ను కట్టిన జాగా, మాది కాదని మా నోటితో ఎందుకు చెప్పాలి అనుకుంది. వెంకటరత్నం నవ్వే నవ్వు తలుచుకుంటే ఒళ్ళు మండింది. దాచేస్తే ఎవరికి తెలుస్తుంది? నన్నే సాహెబుకు తెలుస్తుంది. ఇక జన్మలో అతన్ని ఒక్క మాట అడిగే హక్కు తనకు ఉండదు.

సోమవారం సర్వేయరు వచ్చాడు. దత్తాత్రేయ అని కుర్రవాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళయి ఉంటుంది. వెనకే బసవయ్య. వీధిలో పదిమందీ చేరారు. వెంకటరత్నం కొట్టు అరుగు దిగలేదు గానీ, చెవి ఇటే ఉంది.

"రోడ్డు మధ్య నుంచి చెరో పక్కా ముప్ఫై అడుగులమ్మా," అన్నాడు దత్తాత్రేయ. "అనుమానం ఉంటే గొలుసు ఒక కొస మీరే పట్టుకోండి."

"మధ్య ఎక్కడో ఎలా తెలుసు మీకు?"

అతను పటం విప్పి రోడ్డు పక్కన పాత సర్వే రాయి చూపించాడు. హజరాబీ వంగి రాయి మీది గుర్తు చూసింది, పటం చూసింది, గొలుసు కొస పట్టుకుంది. మధ్య నుంచి కొట్టు వైపూ కొలిపించింది, తన వైపూ కొలిపించింది. గీత ఉన్నచోటే ఉంది.

"మీ కడీ దగ్గర్నుంచి పదకొండు. కరెక్టేనా?"

అప్పుడామె నకలు తీసి అతని చేతిలో పెట్టింది. "కడీ దగ్గర్నుంచి పదకొండే. కానీ కడీలు మా హద్దు మీద లేవు. ఏడడుగులు మేం ముందుకొచ్చాం. మాది పోయేది నాలుగు. ఆ నాలుగే రాయండి."

నన్నే సాహెబు మిషన్ వెనక నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. ఎవరు జరిపారని ఎవరో అడగబోతే హజరాబీ, "మేం జరిపాం" అంది. ఇంకెవరూ అడగలేదు.

దత్తాత్రేయ నకలు రెండుసార్లు చదివాడు. సమ్మతి పత్రం తెప్పించి, ఖాళీలో నాలుగు అని అంకెతో వేసి, పక్కన అక్షరాల్లో కూడా రాశాడు. హజరాబీ అయినా సంతకం పెట్టలేదు. "ఇంకో రెండు ముక్కలు రాయాలండీ. శ్రావణమాసం పెళ్ళిళ్ళ పరుపులు ఒప్పుకున్నాం. అవి అయ్యేదాకా షెడ్డు ముట్టుకోకూడదు. కాలవ కట్టేటప్పుడు మా గుమ్మం కంటే కిందికి కట్టాలి, లేకపోతే వాననీళ్ళు దూది మీదికొస్తాయి."

"అవి కమిషనరు గారు ఒప్పుకోవాలమ్మా."

"అయితే ఆయన రాసిచ్చాకే పెడతా."

బసవయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ వారం రోజుల్లో అతను నవ్వింది అదే మొదటిసారి. రెండు రోజుల తర్వాత కమిషనరు సంతకంతో కాగితం వచ్చింది. గడువు ఇచ్చారు. కాలవ సంగతి ఇంజనీరు చూస్తారని రాశారు. హజరాబీ చదివి, ఇంజనీరు ఎవరో పేరు అడిగి నోటుబుక్కులో రాసుకుని, అప్పుడు సంతకం పెట్టింది. ఇది విని, అంతకుముందు ఖాళీ కాగితం మీద పెట్టిన పద్నాలుగు మందిలో తొమ్మిది మంది ఆఫీసుకు వెళ్ళి తమ కాగితాల్లో అంకెలు వేయించుకున్నారు.

ఆ సాయంత్రమే ఆమె రోడ్డు దాటి వెంకటరత్నం కొట్టుకు వెళ్ళింది. అతను మందు డబ్బాలు సర్దుకుంటున్నాడు.

"ఆ రోజు నేనన్న మాట తప్పండీ రత్నంగారూ."

"కూల్‌డ్రింకు తాగుతావా?" అన్నాడతను తిరిగి చూడకుండా. వెటకారమో, మర్యాదో ఆమెకు అర్థం కాలేదు. వద్దని చెప్పి వచ్చేసింది. ఆ తర్వాత చాలా నెలలు ఆమె పలకరిస్తే అతను పలికేవాడు, అంతే.

శ్రావణం వెళ్ళింది. షెడ్డును కూలీలు పడగొట్టేదాకా ఆగకుండా నన్నే సాహెబే రేకులు విప్పాడు. కడీలు ఒక్కొక్కటే పెకలించి పెరట్లోకి దొర్లించాడు. హజరాబీ సాయం పట్టలేదు, వద్దనీ అనలేదు. మిషన్ పెరట్లోకి మారింది. రోడ్డు మీద పోయేవాళ్ళకి ఇప్పుడు దూదీ కనబడదు, పరుపులూ కనబడవు. కొన్నాళ్ళు బేరాలు తగ్గాయి. పరుపులు కుడతామని గోడ మీద రాయించాక మళ్ళీ మెల్లగా పుంజుకున్నాయి. కాలవ మాత్రం గుమ్మం కంటే జానెడు కిందే కట్టారు. కట్టిన మూడు రోజులూ ఆమె అక్కడే నిలబడింది.

మరుసటి ఏడాది ఎండాకాలం తారు వేశారు. ఆ రోజు పొద్దున భార్యాభర్తలిద్దరూ ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని వేడి వేడి తారు మీద రోలరు తిరగడం చూస్తున్నారు.

"ఇంకా కోపమేనా నా మీద?" అడిగాడు నన్నే సాహెబు.

"కోపం ఎప్పుడో పోయింది."

"మరి?"

"నాకు చెప్పనిది ఇంకేమన్నా ఉందా?"

"లేదు. అల్లా మీద ఒట్టు."

హజరాబీ అతని ముఖంలోకి చూసింది. నిజమే చెబుతున్నట్టుంది. నమ్మింది కూడా. అయినా ఆ చూపు తిప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. అతనది గమనించి, ఆమె మీదికి ఎండ పడకుండా కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాడు.